డోరతీ మామా పుట్టిల్లు

"మీ నాన్నగారు వేరుశనగ వేసేవారా?" సత్యశ్రీ రాస్తున్నదల్లా కలం ఆపేసింది.

"వానను నమ్ముకున్న నేలలో ఇంకేం వేస్తాం?" అంది డోరతీ ఇంగ్లీషులో, అదేదో లోకమంతటికీ తెలిసిన సంగతైనట్టు. "కాయ ఊరే వేళకు అడవిపందులు పడేవి. మా నాన్న చేలో కూర్చుని తెల్లవార్లూ పాత డబ్బా వాయించేవాడు. ఆ చప్పుడు ఆగిపోతే మాకు ఇంట్లో నిద్ర పట్టేది కాదు."

అమెరికాలో, ఈవిడ పుట్టిన ఒహాయోలో అడవిపందులా! అనుకుంది సత్యశ్రీ.

కువైట్‌కు కోడళ్లుగా వచ్చిన అమెరికా ఆడవాళ్ల చరిత్ర మీద ఆమె పరిశోధన. మొదట్లో వచ్చినవాళ్లలో ఒకావిడ చనిపోయింది, ఇంకొకావిడ తిరిగి వెళ్లిపోయింది. మిగిలింది జాబ్రియాలో ఉన్న ఈ డోరతీ ఒక్కతే. ఈవిడ నోటిమాట లేకపోతే ఆ అధ్యాయం చెల్లదని పరిశోధన గైడు ఖరాఖండిగా చెప్పేశాడు. నెలల తరబడి ఫోన్లు చేసి బతిమాలితే ఇవాళ్టికి ఒప్పుకుంది. ఫింటాస్‌లోని తన ఇంటి నుంచి పొద్దున్నే లేచి వస్తే, తీరా ఇదీ వరస.

"మీ నాన్నగారు బడిలో టీచరని విన్నానే?"

"ఎవరన్నారు? చదువు విలువ తెలిసినవాడైతే నన్ను నాలుగో తరగతిలోనే మాన్పించి మేకల వెంట పంపుతాడా?"

కాలేజీలో కువైట్ కుర్రాణ్ణి ప్రేమించి పెళ్లాడిందని అందరూ చెప్పిన మనిషి నాలుగో తరగతిలో బడి మానేసిందట! సత్యశ్రీ రికార్డింగు ఆపకుండానే ఫోన్లో గబగబా వెతికింది. ఒహాయోలో వేరుశనగ సేద్యం పెద్దగా లేదు. అడవిపందులు మాత్రం అమెరికాలో ఉన్నాయి. ఒకటి కుదిరితే ఒకటి కుదరడం లేదు.

"సరే, కువైట్‌కు ఎలా వచ్చారు?"

"ఏజెంటు పంపాడు."

"పెళ్లికి ఏజెంటా?"

"పెళ్లి అప్పటికే అయిపోయి చెడిపోయింది కూడా. ఆయన ఇంకొకదాన్ని తెచ్చుకున్నాడు. నాకు చంటిపిల్ల మిగిలింది. మేకలమ్మి పాస్‌పోర్టు చేయించుకున్నా." డోరతీ కిటికీ వైపు తిరిగింది. "అది ఇంకా పాలు మానలేదు. మా అమ్మ చేతిలో పెట్టి వచ్చేశా. విమానంలో ఎద మీద బట్ట తడిసి ముద్దయింది. రెండు పక్కలా మగవాళ్లు. బాత్రూంలోకి పోయి పాలు పిండేసి, ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి కూర్చున్నా."

తర్వాతి కాలంలో వచ్చినవాళ్లలో ఇంతకుముందు సత్యశ్రీ మాట్లాడిన అమెరికా ఆడవాళ్లు అత్తగారి కోపాలు చెప్పారు, ఎండలు చెప్పారు, అరబ్బీ నేర్చుకోలేక పడిన తిప్పలు చెప్పారు. పాలు పిండుకున్న మాట ఒక్కరూ చెప్పలేదు.

డోరతీ అలిసినట్టు కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. అప్పుడే పనిమనిషి సంజీవమ్మ చాయ్ తెచ్చింది. గుమ్మంలోనే "తెలుగు పాపవేనా?" అని పలకరించిన మనిషి. సత్యశ్రీ గొంతు తగ్గించింది.

"ఏమండీ, ఈవిడ వాళ్ల నాన్నగారు వేరుశనగ వేసేవారని మీతో ఎప్పుడైనా అన్నారాండీ?"

"శెనక్కాయలా?" సంజీవమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కువైట్‌లో పనివాళ్లకు ఇంటి యజమానురాలు 'మామా'. "మామావాళ్ల నాయన బళ్లో అయ్యవారు గదా పాపా! శెనక్కాయలేసింది మా నాయన. మాది రాయచోటి తట్టు."

"మరి అడవిపందులండీ?"

"అవి గూడా మా చేన్లోవే. ఇంగ్లీషులో చెప్తాంటే నాకేం అర్థమైతాది? నా పందులు ఈమె నోట్లోకి ఎట్ల పోయినాయి?"

"విమానంలో... చంటిపిల్లకి పాలు..."

సంజీవమ్మ నోటి మీది కొంగు తీసేసింది. "అది నీకెవురు చెప్పినారు?"

"ఆవిడేనండి. తనకే జరిగినట్టు."

కళ్లు మూసుకున్న మామా వైపు చూసింది సంజీవమ్మ. చాయ్ గ్లాసును బల్ల మీద పెట్టబోయి, పెట్టకుండా పట్టుకునే నిలబడింది.

"ఒగనాడు ఇద్దరం ఏడ్సుకుంటా చెప్పుకున్న మాట పాపా అది. ఆ బిడ్డకే ఇప్పుడొక బిడ్డ. మొన్న ఫోన్లో ఏమన్నాదో తెలుసునా? నువ్వు నాకు అమ్మ కాదు, నాకు అమ్మంటే అవ్వే అని..."

"మీ సంగతి తర్వాత మాట్లాడుకుందాం లెండి," సత్యశ్రీ మధ్యలోనే అడ్డుపడింది. "ఆవిడ సంగతులు ఏమైనా గుర్తుంటే చెప్పండి. నాకు కావాల్సింది అమెరికా ఆడవాళ్ల చరిత్రండీ."

"అట్లయితే నాకేం తెలుసు పాపా," అని సంజీవమ్మ గ్లాసు పెట్టేసి పక్కకు జరిగింది.

సత్యశ్రీకి అంతా తేటపడింది. ముసలితనం. తన బతుకు మరిచిపోయి, పక్కనున్న మనిషి బతుకు తనదనుకుంటోంది. ఇక గైడుకు ఏ మొహం పెట్టుకుని చెప్పడం?

"పాపం, మతి పోయినట్టుందండీ ఈవిడకి," అంది తెలుగులో, ఆవిడ ఎదుటే. "ఇదెందుకూ పనికిరాదు." ఫోన్ తీసి, రికార్డింగు చెరిపేయడానికి వేలు ఆనించబోయింది.

ఎముకలు తేలిన తెల్లటి చేయి ఒకటి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. డోరతీ కళ్లు తెరిచే ఉన్నాయి.

"తుడిపేయొద్దు పాపా," అంది ఆ అమెరికా ముసలమ్మ, అచ్చం సంజీవమ్మలాగే రాయచోటి యాసలో. "నా మతికేం కాలేదు. సంజీవమ్మ కత సంజీవమ్మే చెప్పింటే, నువ్వు రాసుకునుంటావా ఏంది?"