తొమ్మిది రోజుల వాన

“ఆ తొమ్మిది రోజుల రీడింగులూ దొంగవండి. మా గేజి రీడర్ వాగు దగ్గరకి వెళ్లకుండా ఇంట్లో కూర్చుని రాసేశాడు. అందుకే తీసేశాం.”

ప్రొఫెసర్ శ్రీరంగనాయకులు మైకులో ఆ మాట చాలా మామూలుగా అన్నాడు. వట్లూరులోని ఓ ఇంజనీరింగ్ కాలేజీ సెమినార్ హాలది. వాగు నీటిమట్టం రోజూ చూసి రాసే గేజి రీడర్ గంగరాజు వెనక వరసలో కూర్చున్నాడు. తలలన్నీ అతని వైపు తిరిగాయి. యాభై ఏళ్ల మనిషి. వచ్చినవాళ్లకి వాన కొలిచే రెయిన్‌గేజి ఎలా పనిచేస్తుందో చూపించడానికని ప్రొఫెసరే పొద్దున్న జీపు పంపి పెదవేగి నుంచి రప్పించాడు. అదే జీపులో వచ్చిన ఆ ఊరి రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరు నవ్వారు. లాప్‌టాప్ ముందు కూర్చుని తెర మీద గ్రాఫులు మారుస్తున్న సుష్మిత మాత్రం తల వంచుకుంది. ప్రొఫెసర్ దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి ఆమె.

ఆయన చెప్పుకుంటూ పోయాడు. పెదవేగి పక్కనున్న చిన్న వాగు మీద మూడేళ్లు పనిచేశారు. ఎంత వాన పడితే వాగులోకి ఎంత నీరు దిగుతుందో లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్లు మూడు తీసుకుని పోల్చి చూశారు. రెండు పాతవి. మూడోది ఆయన సొంతంగా తయారుచేసింది. గంగరాజు రోజూ రాసిచ్చిన నీటిమట్టాలతోనే దాన్ని సరిదిద్దారు, వాటితోనే పరీక్షించారు. పెద్దవానలు పడ్డ ఆ తొమ్మిది రోజులూ తీసేస్తే ఆయన మోడల్ మిగతా రెంటినీ మించిపోయింది. మోడల్‌ని పరిశీలించడానికి వచ్చిన కమిటీ సరేనంటే, కొల్లేటిలో కలిసే వాగులన్నిటికీ వరద హెచ్చరికలు ఇక అది చెప్పినట్టే ఇస్తారు.

టీ టైములో గంగరాజు ఆయన దగ్గరకి వెళ్లాడు.

“అందరి ముందూ అలా అనకుండా ఉండాల్సిందండీ. మా ఊరివాళ్లున్నారు.”

“ఓ మాటంటే ఏమైంది గంగరాజూ? పోవడానికి నీకేమైనా పేరా, ప్రతిష్ఠా?” ప్రొఫెసర్ బిస్కెట్టు టీలో ముంచుకున్నాడు. ప్రాజెక్టు ఎలాగూ అయిపోయిందని, రేపట్నుంచి వాగు దగ్గరకి వెళ్లక్కర్లేదని కూడా చెప్పాడు.

గంగరాజు తన కప్పు తాగకుండానే బల్ల మీద పెట్టేశాడు. హాల్లోకి వెళ్లి, ఈసారి రెండో వరసలో కూర్చున్నాడు.

ఎవరైనా అడిగేదుందా అని కమిటీ అధ్యక్షురాలు ఉమామహేశ్వరి అడిగింది. చీఫ్ ఇంజనీరుగా రిటైరయిన మనిషి. గంగరాజు చెయ్యెత్తి లేచి నిలబడ్డాడు.

“సార్ చెప్పింది నిజమేనండి మేడం గారూ. కాకపోతే తక్కువ చెప్పారండి. తొమ్మిది రోజులే కాదండి, మూడేళ్లూ అంతేనండి.”

“అంటే?”

“నేను వాగు దగ్గరకి వెళ్లిందే లేదండి. అరుగు మీద కూర్చుని, వాన చప్పుడు విని, తోచిన అంకె వేసేవాణ్ణండి. ఎవరైనా వచ్చి చూస్తేగా.”

ప్రొఫెసర్ మైకు అందుకుని అదంతా అబద్ధమన్నాడు. గంగరాజంత నిజాయితీపరుడు ఈ చుట్టుపక్కలే లేడన్నాడు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి రీడింగు తీస్తుంటే తాను కళ్లారా చూశానన్నాడు.

“సార్ మంచితనం కొద్దీ అంటున్నారండి,” అన్నాడు గంగరాజు నెమ్మదిగా. “ఈ మూడేళ్లలో ఆయన మా వాగు దగ్గరకొచ్చింది రెండుసార్లండి. రెండుసార్లూ ఎండాకాలమేనండి.”

ఎవరో కిసుక్కుమన్నారు. ఉమామహేశ్వరి నవ్వలేదు.

“ఏవండీ శ్రీరంగనాయకులు గారూ, నాకొక్కటి చెప్పండి. ఈయన నిజాయితీపరుడైతే ఆ తొమ్మిది రోజుల రీడింగులూ నిజమే. పెద్దవానల్లో మీ మోడల్ పనికిరాదన్నమాట. కాదు, ఈయన చెప్పినట్టు మూడేళ్లవీ దొంగవే అంటారా, మీ మోడల్‌ని పోల్చి చూసుకోడానికి అసలు రీడింగులే లేవు. ఏది రాసుకోమంటారు?”

ప్రొఫెసర్ మైకు బల్ల మీద పెట్టేశాడు. ఆవిడ ఫైలు కట్టేసింది. మోడల్‌ని తిరస్కరిస్తున్నామని చెప్పింది. గంగరాజు చేత తప్పు ఒప్పుకుంటున్నట్టు కాగితం రాయించారు. జిల్లాలో ఇక ఏ వాగు మీదా అతన్ని పనిలో పెట్టుకోకూడదని దాని కిందే రాశారు. అతను అంతా చదివి, ఇంటిపేరుతో సహా సంతకం చేశాడు. ఊరివాళ్లు అతని వైపు చూడకుండానే బయటికి నడిచారు.

వెళ్తూ వెళ్తూ గంగరాజు ప్రొఫెసర్ కుర్చీ దగ్గర ఆగాడు.

“నాకు పోయేదేం లేదన్నారు కదండీ. పేరూ ప్రతిష్ఠా ఉన్నవారు మీరే,” అన్నాడు ఆయనకి మాత్రమే వినబడేలా.

కాలేజీ గేటు దాటుతుండగా వెనక నుంచి సుష్మిత పరిగెత్తుకుంటూ వచ్చింది. ఏడ్చినట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“ఆయన సంగతి సరే గంగరాజు గారూ. నా థీసిస్ కూడా మీ రీడింగుల మీదే కదా. ఇప్పుడు అదీ చెల్లదు. మీ ఇంటికొచ్చినప్పుడల్లా కూర్చోబెట్టి అన్నం పెట్టారు. అలా పెడుతూనే మూడేళ్లు నన్ను మోసం చేశారా?”

ఆ అమ్మాయి సంగతి గంగరాజుకి ఆ క్షణం దాకా తట్టనే లేదు. ఏలూరు వెళ్లే ఆటో వచ్చి పక్కన ఆగింది. అతను ఎక్కలేదు.

“లేదమ్మా,” అన్నాడు. “ఈ మూడేళ్లలో నేనాడిన అబద్ధం ఇవాళ్టిదొక్కటే.”