ఊడని ముడి

మూడంతస్తుల ఎత్తున ఒకే ఒక్క కన్ను గోడకి వేలాడుతోంది.

కొత్త కంటి ఆసుపత్రి ఫ్లెక్సీ అది. నిన్న సాయంత్రం అత్తాకోడళ్లిద్దరూ కట్టారు.

అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. వీళ్లిద్దరికీ ఆ యోగం లేదు సరికదా, చేసే పని కూడా ఒకటే, ఫ్లెక్సీలు కట్టడం.

పైన పిట్టగోడకున్న ఇనుప కొక్కేలకి కోడలు నైలాన్ తాళ్లు బిగించింది.

"యముడొచ్చి లాగినా ఊడదు," అంది చేతులు దులుపుకుంటూ.

కింద మొదటి అంతస్తు బాల్కనీ కమ్మీలకి మాత్రం అత్త కట్టింది. దేంతో అనుకున్నారు? పురికొసతో! కిరాణా కొట్లో పొట్లాలు కట్టే పురికొసతో.

"ఏనుగుని తెచ్చి దారంతో కట్టేస్తున్నారేంటత్తయ్యా?"

"గట్టి గాలొస్తే తెగాలి."

"తెగడానికా కట్టేది?"

"అవును," అని అత్త చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఆవిడకి మాటల దగ్గర మహా పొదుపు.

కోడలికి ఒళ్లు మండింది. చాదస్తం కాకపోతే ఏంటిది! పొద్దున్నే జనమంతా వస్తారు, కింది అంచు ఊడి వేలాడితే మాట పడేది తనే కదా.

అత్త మలుపు తిరిగేదాకా ఆగింది. పురికొసలన్నీ కోసేసి, ఆ ఆరు చోట్లా నైలానే కట్టేసింది.

ఈ మధ్యాహ్నం గాలొచ్చింది.

అప్పుడు కోడలు డాబా మీదే ఉంది. తన ముడులు తనే చూసుకుని కాసేపు మురిసిపోదామని వచ్చింది.

ముందు దుమ్ము లేచింది. వీధిలో ఎవరి గొడుగో తిరగబడింది. ఆ వెనకే గాలి పక్క సందులోంచి దూరి ఫ్లెక్సీ వెనక చేరింది.

కన్ను ఉబ్బింది.

ఉబ్బుతూనే ఉంది. అమ్మో, ఇంత గాలి ఉంటుందా! గోడ దాకా వెనక్కి పోయి, మళ్లీ ఉబ్బి, ఉబ్బిన ప్రతిసారీ ఇంకాస్త పెద్దదవుతోంది. పుట్టి బుద్ధెరిగాక ఇంత బలాన్ని ఇంత దగ్గరగా చూడలేదామె. భయమేస్తోంది, అయినా కళ్లు తిప్పుకోబుద్ధి కావడం లేదు.

ముడి ఒక్కటీ ఊడలేదు.

కాళ్ల దగ్గర ఏదో టిక్కుమంది.

పిట్టగోడ మొదట్లో వెంట్రుకంత బీట. కన్ను ఉబ్బినప్పుడల్లా అది కొంచెం తెరుచుకుంటోంది.

వంగి కిందికి చూసింది. కంటి పరీక్షకి వచ్చిన ముసలివాళ్లు, ఓ ఇరవై మంది, దుమ్ము తగలకుండా గోడకి చేరగిలబడి వరసగా కూర్చున్నారు. సరిగ్గా పిట్టగోడ కిందే.

"లేవండి! పక్కకి పోండి!"

గాలి ఆ అరుపుని నోటి దగ్గరే ఎత్తుకుపోయింది.

కొక్కెం దగ్గర ముడి విప్పబోయింది. తను వేసిందే, తనకే లొంగలేదు. పోనీ కోద్దామా అంటే, ఒకటి కోస్తే ఆ లాగుడంతా పక్క కొక్కెం మీద పడుతుంది.

కింద కోయాలి. కిందే!

మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలీదు. బాల్కనీలోకి వచ్చి పడి మొదటి తాడు కోసింది. రెండోది. మూడోది తెగిన ఊపుకి కొస వచ్చి మోచెయ్యి చీల్చింది. నాలుగు. ఐదు.

ఆరోది కోసే పని లేకపోయింది. ఫ్లెక్సీ అంచుకున్న రింగే చినిగి వచ్చేసింది.

కన్ను పైకి లేచింది.

గోడని వదిలేసి, వీధి మీదుగా, ఎదురు మేడల దాకా, ఆకాశంలో బల్లపరుపుగా పరుచుకుంది. ఇందాకటి పెనుగులాటంతా పోయి రెపరెపలు మిగిలాయి. గాలి దానికి పైనుంచీ కిందనుంచీ తన దారిన తను వెళ్లిపోతోంది. వీధంతా దాని నీడ పడింది.

కోడలు తలెత్తి చూసింది. ఇది ఇంత అందంగా ఉంటుందని ఎవరూ చెప్పలేదే! ఏడుపొచ్చింది. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాలనిపించింది, ఎవరికో తెలీలేదు.

కింద వరసలో ఒక ముసలాయన తలెత్తాడు.

"ఏంటే అది, మబ్బు పట్టిందా?"

"నన్నడుగుతావేం? నాకు కనిపిస్తే ఇక్కడికెందుకొస్తా!" అంది పక్కనున్న ఆయన భార్య.

కోడలు కిందికి పరిగెత్తి, చేతులు పట్టుకుని ఒక్కొక్కరినీ లేపి అవతలి వైపుకి తీసుకెళ్లింది. ఎండలో కూర్చోబెట్టిందని అందరూ తిట్టారు.

గాలి తగ్గాక అత్త వచ్చింది.

డాబా ఎక్కి బీటలో వేలు పెట్టి చూసింది. బాల్కనీలోకి దిగి, కమ్మీలకి మిగిలిన నైలాన్ ముక్కల్ని చూసింది. ఆరింటినీ చూసింది.

"తప్పయిపోయిందత్తయ్యా," అంది కోడలు. "వాళ్లందర్నీ చంపేసేదాన్ని."

అత్త తిట్టలేదు. కొంగుతో కోడలి మోచేతి మీది నెత్తురు అద్దింది.

"ఆ పిట్టగోడ ఇంక వద్దు. పైన మేడ స్తంభాలకి కడదాం," అని పురికొస ఉండ తీసింది.

రెండు పేటలు కలిపి మెలిపెట్టి, చెవి దగ్గర పెట్టుకుని లాగింది. ఊహూఁ అనుకుంది. మూడో పేట కలిపి మళ్లీ లాగింది, ఈసారి తలూపింది.

కోడలు ఆ చేతుల వంకే చూస్తోంది. ఇన్నేళ్లూ ఈ చేతుల్నేనా తను చాదస్తం అనుకుంది!

"ఎంత గాలికి తెగాలో మీకెలా తెలుసత్తయ్యా?"

అత్త కమ్మీ పట్టుకుని, వీధికి అవతల ఎండలో కూర్చున్న ముసలివాళ్లని చాలాసేపు చూసింది.

"ఒకప్పుడు నా ముడి కూడా ఊడలేదమ్మా," అంది.