ఈ ఏటి ఫ్లెక్సీ

“ఫ్లెక్సీలో నా మొహం మరీ బొట్టుబిళ్లంత ఉందేంటమ్మాయ్?” అన్నాడు ప్రవాస సంఘం అధ్యక్షుడు.

కార్యదర్శి ఆయన తమ్ముడి భార్యే. డ్యూటీ దిగి నేరుగా వచ్చింది, కాళ్లు పీకుతున్నాయి. సొంతూరి బడికి పంపాల్సిన కంప్యూటర్ల పెట్టెలకి టేపు వేస్తోంది.

“పెద్దది చేయిస్తాను, బావగారూ.”

“పోయినేడు కంప్యూటర్లతో పాటు పంపిన ఫ్లెక్సీ ముందు పిల్లల్ని నిలబెట్టి ఫొటో పంపమన్నాం. ఇంతవరకూ అతీగతీ లేదు. అడుగు.”

ఆమె బడి పెద్ద టీచరుకి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టింది.

“వానలు కదమ్మా, ఫ్లెక్సీ కిందికి దించడం కుదర్లేదు,” అని నసిగింది టీచరు.

“దించడమేంటండీ? ఎక్కడుంది?”

“రెండో గది మీద. గాలికి రేకులు లేచిపోతే అదే కప్పాం. భలే గట్టిదమ్మా, చుక్క కారట్లేదు. అధ్యక్షులవారి చెంప దగ్గరే కాస్త చిరిగింది, ఏమీ అనుకోవద్దని చెప్పండి.”

“మరి పోయినేడు పంపిన కంప్యూటర్లు?”

“పక్క గదిలో మూటగట్టి ఉంచాం. అదేమో కారుతోంది. కరెంటు పెట్టాలంటే భయం.”

“ఇన్నాళ్లూ చెప్పలేదేం?”

“మీరు ఫొటోలే అడిగేవారు కదమ్మా.”

ఫోన్ పెట్టేశాక అధ్యక్షుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“ఈసారి ఫ్లెక్సీ మానేద్దాంలే,” అన్నాడు.

ఆమె వేసిన టేపు మెల్లగా పీకుతూ అంది:

“అది మానేస్తే ఎలా బావగారూ? మనం పంపినవాటిలో పనికొచ్చింది అదొక్కటేగా.”