చెవిపూస చదవనన్న పుస్తకం

సాయంత్రంలోగా ఒక్క పిల్లయినా సొంతంగా చదివి చూపించకపోతే బొబ్బిలిలో అక్షరాల బడి మూతపడుతుంది. బడి నడిపే కాత్యాయని టీచరుకు అధికారి పరాంకుశం ఆ మాట ముందే చెప్పేశాడు.

అందరి చెవుల్లోనూ చెవిపూసలున్న కాలమది. కళ్ల ముందున్న అక్షరాలను అవే చదివి వినిపిస్తాయి. టీచరు రాసిన కథలన్నీ పిల్లలు వినేసి ఆటలకు పోయేవారు. అందుకే ఆమె కొత్తరకం పుస్తకం ఒకటి రాసింది.

పరాంకుశం వస్తూనే ఆ పుస్తకం తెరిచాడు.

“గేదె రాజుగారి సింహాసనం ఎక్కింది. ఎక్కి...” చెవిపూస ఆగింది. “క్షమించండి. ఇక్కడి నుంచి మర్యాదగా లేదు. నేను చదవను.”

“ఏటమ్మా ఈ రాతలు?” అని పరాంకుశం మండిపడ్డాడు. “ఎక్కి ఏం చేసింది?”

టీచరు పిల్లల వైపు చూసింది. ఏడేళ్ల హిమజ వచ్చి పుస్తకం అందుకుంది. తన చెవిపూస తీసేసి, అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది.

“పే... డ... వే... సిం... ది!”

బడంతా గొల్లుమంది. పరాంకుశం పొట్ట పట్టుకుని నవ్వాడు.

“తర్వాత?”

“మంత్రిగారు తుడవబోతే గేదె...” హిమజ పుస్తకం మూసేసింది. “మిగతాది ఎవులికి వాళ్లే చదువుకోవాలి సార్. టీచరుగారి రూలు.”

“నాకు చదవడం రాదే!”

“ఆరింటికి పెద్దల క్లాసుందండి,” అంది టీచరు. “బడి ఉంటేనే అనుకోండి.”

“ఎందుకుండదమ్మా!” పరాంకుశం చెవిపూస పీకి జేబులో వేసుకుని, ముందు బెంచీ దగ్గరికి వెళ్లాడు. “కాస్త జరుగు పాపా.”