మధ్యలో మనిషి

పాస్టరు గారి అల్లుడు కతోలికుల్లో కలుస్తున్నాడు. వారం రోజులు వీధి వీధంతా ఈ ముక్కే నమిలింది.

అల్లుడిది బేకరీ. అందరూ రొట్టెలాయన అంటారు. తెల్లారకముందే పొయ్యి రాజేసి, బుట్ట సైకిలుకి కట్టుకుని ఇంటింటికీ తనే వేసి వస్తాడు. అలాంటి మనిషి ఓ సాయంత్రం మోచేతుల దాకా పిండితోనే ఫాదర్ గారి గదికి వెళ్లి, "నన్ను మీలో కలుపుకోండి" అన్నాడు.

"ఎందుకు నాయనా?"

"పాపసంకీర్తనం చేసుకోవాలండీ. ఫాదర్ చెవిలో పాపాలు చెప్పుకునే ఆ పద్ధతి మాలో లేదు."

ఫాదర్ లోపల పొంగిపోయారు. పైకి మాత్రం గంభీరంగా కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఇరవై ఏళ్లుగా ఎదురు వీధిలో మైకు పెట్టి తన గుడిలోని విగ్రహాలను దెప్పిపొడుస్తున్న పాస్టరుకి సొంత అల్లుడు! ఏసుప్రభువు అటూ ఇటూ ఒక్కడే అయినా, గెలుపు గెలుపే కదా.

"నీకు బాప్తిస్మం ఎప్పుడో అయింది కనక మళ్లీ నీళ్లు పొయ్యక్కర్లేదు. తొమ్మిది నెలలు పాఠాలు. చివర్లో పాపసంకీర్తనం. అంతే."

"తొమ్మిది నెలలా?" అన్నాడు రొట్టెలాయన. చేతుల పిండి దులుపుకుని, "సరే ఫాదర్" అన్నాడు.

సిస్టర్లు నడిపే హాస్టలుకి రొట్టెలు వేసే పని కోసమే ఈ భక్తి అంతా అని వీధి తేల్చేసింది. ఫాదర్‌కి కూడా అనుమానం తగిలింది. పరీక్షిద్దామని, "హాస్టలు రొట్టెలు ఇకనుంచి నువ్వే వెయ్యి" అన్నారు.

"వద్దు ఫాదర్. మీ దగ్గర్నుంచి నేనేమీ తీసుకోకూడదు."

ఆ రోజు ఫాదర్ తన అనుమానానికి తనే సిగ్గుపడ్డారు.

తర్వాతి వంతు రొట్టెలాయన భార్యది. గుమ్మంలో నిలబడే ఏకరువు పెట్టింది. "ఈయన తిక్కలు నాకు కొత్త కాదు ఫాదర్ గారూ. బంగారం లాంటి వ్యాను అమ్మేసి సైకిలెక్కాడు, పోనీ పొట్టయినా తగ్గుతుందిలే అనుకున్నాను. పెళ్లిళ్లకి రానన్నాడు, పోనీలే అనుకున్నాను. ఇప్పుడు మా నాన్న పరువు తీస్తున్నాడు. మీరైనా వద్దని చెప్పకూడదా?"

ఫాదర్ చెప్పలేదు. ఆవిడ ఆ రోజు నుంచి మొగుడితో మాట్లాడటం మానేసింది. అన్నం కంచం బల్ల మీద పెట్టి, మూత వేసి, పక్కగదిలోకి వెళ్లిపోయేది.

ఆఖరికి పాస్టరు గారే పాఠం మధ్యలో ఊడిపడ్డారు. ఫాదర్ వైపు చూడనైనా చూడలేదు.

"అల్లుడూ, పాపం చేస్తే తలుపేసుకుని దేవుడికి నేరుగా చెప్పుకో. ఆయన వినడా? మధ్యలో మనిషెందుకు?"

"నాకు మధ్యలో మనిషే కావాలి మావయ్యా."

పాస్టరు గారు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయారు. ఆ ఆదివారం నుంచి ఆయన సంఘం వాళ్లెవరూ ఆ బేకరీ మెట్లెక్కలేదు. బుట్టలో సగం రొట్టెలు అలాగే ఇంటికొచ్చేవి.

రొట్టెలాయన పాఠాలు మానలేదు. బుద్ధిగా వినేవాడు. అడిగిన ప్రశ్న ఒక్కటే.

"మేం చెప్పినదాన్ని మీరు ఎవరితోనూ అనరా ఫాదర్? ఎంత పెద్దదైనా?"

"తల తీసినా అనను" అన్నారు ఫాదర్, గర్వంగా. "చెప్పినవాడు మర్నాడు ఎదురైతే ఏమీ ఎరగనట్టు నవ్వాలి. ఇంటికి భోజనానికి పిలిస్తే వెళ్లి తినాలి. అలా ఉండలేనివాడు ఈ అంగీ వేసుకోకూడదు."

గుడి గంట కొట్టే పని ఒకప్పుడు ఫాదర్ తమ్ముడిది. ఓ తెల్లవారుజామున గంట కొట్టడానికి వస్తుంటే ఏదో బండి గుద్దేసి పోయింది. రెండు గంటలు కాలవ పక్కన ప్రాణంతోనే ఉన్నాడని డాక్టరు అన్నాడు. ఎవడైనా ఆగి ఉంటే బతికేవాడట. అప్పటినుంచి, ఆ బండి జాడ దొరికిందేమోనని ప్రతి శనివారం ఫాదర్ పోలీసు స్టేషను బెంచీ మీద కూర్చుని వస్తారు.

"క్షమించండని ఊరందరికీ చెప్తానయ్యా" అన్నారొకసారి, గంట తాడు చేతిలో పట్టుకుని. "వాడి పేరొక్కటి దొరికితే మాత్రం, కోర్టు దాకా నేనే లాక్కెళ్తాను. అందుకే బతుకుతున్నాను."

ఆ ముసలి చేతుల్లోంచి రొట్టెలాయన తాడు అందుకున్నాడు. "ఇకనుంచి నేను కొడతాను ఫాదర్."

మర్నాటి నుంచి గంట వేళకి మోగింది. చాలా రోజుల తర్వాత గుడి పక్కన ఫాదర్ ఇంట్లో ఒక మనిషి అలికిడి. ఫాదర్‌కి ప్రాణం లేచొచ్చింది. "నా తమ్ముణ్ని దేవుడు తిరిగి పంపాడు" అని వచ్చినవాళ్లందరితో చెప్పుకున్నారు.

తొమ్మిది నెలలూ గడిచాయి. రేపు పూజలో రొట్టెలాయనని అందరి ముందూ చేర్చుకుంటారు. ఇవాళ పాపసంకీర్తనం.

"మొదటిసారి కదా, నా దగ్గర మొహమాటపడతావేమో. పక్కూరి ఫాదర్ వచ్చారు, ఆయనకి చెప్పుకో" అన్నారు ఫాదర్.

"లేదు ఫాదర్. మీకే చెప్పాలి."

ఫాదర్ మురిసిపోయారు. గుడిలో పాపాలు వినే చెక్క గదిలో కూర్చుని, ఊదారంగు పట్టీ మెడలో వేసుకుని, జాలీకి చెవి ఆనించారు. అవతల మోకాళ్ల చప్పుడు. వెచ్చని రొట్టె వాసన. ఏముంటుంది ఈ పిచ్చిమారాజు దగ్గర? పెళ్లాం మీద విసుక్కుని ఉంటాడు, మావగారిని మనసులో తిట్టుకుని ఉంటాడు. ఒక్క జపమాల చెప్పుకోమంటే సరిపోతుందని ముందే అనుకున్నారు.

"చెప్పు నాయనా. ఇక్కడ విన్నది నాతోనే మట్టిలో కలుస్తుంది."

"మీ తమ్ముణ్ని గుద్ది, ఆగకుండా వెళ్లిపోయింది నా రొట్టెల వ్యానే ఫాదర్."