తెల్ల గ్లౌజులు

"దాలమ్మా, గ్లౌజులు తియ్యకు. ఇక్కడ శుభ్రం చూస్తారు," అన్నారు మా జీడి ఫ్యాక్టరీ ఓనరు బాబు.

జర్మనీలో ఊరంత షెడ్డు. పాలు, గుడ్డు, మాంసం ముట్టనోళ్ల తిండి పండగట. మా పలాస జీడిపప్పు రుబ్బి, పులియబెట్టి, పాల్లేని జున్ను సేస్తారు ఈళ్లు. పప్పు ఒలిసే మనిషని సూపించడానికి నన్ను ఇమానం ఎక్కించేరు బాబు.

ఆ జున్ను కంపు! మురిగిపోయిన గంజిలో తడిగుడ్డ నానేసినట్టుంది. ముక్క నోట్లో ఎట్టుకుని, మింగలేక కాయితంలో ఊసేసేను. జనం మాత్రం వేళ్లు నాక్కుంటా మురిసిపోతన్నారు.

ఒక తెల్లావిడ నా పక్కన ఫొటో తీయించుకుని, బాబుని ఏటో అడిగింది. బాబు నవ్వుతా జవాబిచ్చేరు.

"ఏటంతాది బాబూ?"

"దీనికోసం ఏ ప్రాణికైనా నొప్పి కలిగిందా అని అడిగింది. లేదని చెప్పాను."

ఆవిడ కళ్లనీళ్లెట్టుకుని, నా సేతులు పట్టుకుని ముద్దెట్టుకోబోయింది.

గ్లౌజులు రెండూ లాగేసేను. జీడిపిక్కల రసానికి కాలి, నల్లబడి, గోళ్లు ఊడిన నా వేళ్లు సూసి ఆవిడ ఎనక్కి జరిగిపోయింది.

"తియ్యొద్దని చెప్పానా!" బాబు పళ్లు కొరికేరు.

"అలవాటు లేదు బాబూ. ఇరవయ్యేళ్లుగా సేతులకి బూడిద రాసుకునే మీ పిక్కలు కొడతన్నాను. మీరు గ్లౌజులిచ్చింది ఇక్కడే కదా?"