కిటికీలో మోకాలు

"సర్టిఫికెట్ తెస్తే హాలు నీది. తేకపోతే తాళం నాది," అన్నాడు చర్చి సెక్రటరీ జకర్యా.

అల్వాల్‌లో చర్చి వెనక హాల్లో డోరా సాయంత్రాలు ఆడవాళ్లకు డాన్సు నేర్పుతుంది. డిసెంబరులో ఆమె క్లాసులోనే కాంతమణి ఆంటీ కాలు విరిగింది. క్రిస్మస్ ఆరాధనకు పిండికట్టుతో వచ్చింది. కట్టు అందరూ చూశారు, కొత్త పట్టుచీర ఎవరూ చూడలేదు. ఆంటీ కోపం సెక్రటరీ దాకా వెళ్లింది, ఇంకా తగ్గలేదు.

అందుకే డోరా సీతాఫల్‌మండి కమ్యూనిటీ హాలుకు పరుగెత్తింది. డాన్సు టీచర్లకు అక్కడ మూడు రోజుల శిక్షణ. ఎవరి ఒళ్లూ పాడుకాకుండా ఆడించడం ఎలాగో నేర్పి, పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారు.

మొదటి రోజే, శిక్షణ ఇచ్చే పద్మనాభం సార్ ఒక ఎక్స్‌రేను బట్టల క్లిప్పులతో కిటికీ ఊచకు తగిలించాడు. వెలుతురు పడి మోకాలు తెల్లగా మెరిసింది.

"ఇది ఒక డాన్సు టీచర్ మోకాలు. ముప్పై ఏళ్లు ఈ గచ్చు మీదే ఎగిరింది. నొప్పి అన్న పిల్లల్ని ఓర్చుకోమంది, తనూ ఓర్చుకుంది. మీకు నేర్పబోయే పది సూత్రాలూ ఆమె చెబితే నేను రాసుకున్నవే. పేరు మాత్రం చెప్పొద్దంది."

సార్ గొంతులో బరువు విని, ఆమె పోయిందనుకున్నారందరూ. ఇద్దరు లేచి నిలబడ్డారు కూడా. డోరా అయితే ఇంటికెళ్లి, ఆ కుటుంబానికి ఆదరణ కలగాలని ప్రార్థన చేసింది.

మొదటి సూత్రం: పాట పెట్టే ముందు ప్రతి మనిషినీ నొప్పులున్నాయా అని అడగాలి. ఒకసారి అడిగితే మన ఆడవాళ్లు ఏం లేదంటారు. రెండోసారి అడగాలి.

పదోది: ఎవరినీ పక్కన కూర్చోబెట్టకూడదు. లేవలేని మనిషికి కుర్చీలోనే ఆట వెతకాలి.

డోరా పదీ బట్టీ పట్టింది. బస్సులో తనలో తను గొణుక్కుంటుంటే పక్కావిడ కాస్త దూరం జరిగి కూర్చుంది.

"అంత భయమెందుకే?" అంది తోటి టీచర్ మేబెల్.

"నీకేం, స్కూల్లో ఉద్యోగం ఉంది. నాకు ఆ హాలు పోతే ఇంకేముంది?"

మూడో రోజు పరీక్ష. బస్తీ నుంచి ఎనిమిది మంది ఆడవాళ్లు వచ్చారు. ఒక్కో టీచరు వాళ్లను పావుగంట ఆడించాలి. సూత్రానికో టిక్కు.

డోరా వంతు వచ్చింది. చెమట పట్టిన అరచేతులు చున్నీకి తుడుచుకుంది. గచ్చు మీద తడి ఉందేమో కాలితో రాసి చూసింది.

"మీకెక్కడైనా నొప్పులున్నాయా అండీ?"

"ఏం లేవు."

"నిజంగా? ఏమీ లేవా?"

"జెర మడిమ గుంజుతది," అంది రోసమ్మ.

అంతే, గేటు తీసినట్టయింది. ఒకరికి మెడ, ఒకరికి నడుము, ఒకరికి ఆపరేషన్ కుట్లు. ఒకామె అత్తగారిని కూడా ఆ లెక్కలోనే చెప్పుకుంది.

సార్ టిక్కు పెట్టాడు.

అప్పుడు మూలనున్న కుర్చీ వైపు నుంచి చేతికర్ర చప్పుడైంది.

ఆ పెద్దావిడ మూడు రోజులుగా వస్తోంది. "ఫ్యాను జెర పెంచుండ్రి", "టేపు గింత మెల్లగేందీ, ఎవలన్న పండుకున్నరా?" అని అందర్నీ సతాయిస్తుంది. ఎండకు తాళలేక ఫ్యాను కోసం వచ్చే మనిషనుకున్నారు.

ఇప్పుడు మెల్లగా నడిచి వచ్చి వరస చివర నిలబడింది. తొమ్మిదో మనిషి.

"నేను సుత ఆడతా బిడ్డా."

డోరా కళ్ల ముందు కాంతమణి ఆంటీ కట్టు కదిలింది. దాని వెనకే జకర్యా తాళం.

"మీరు కూర్చోండమ్మా. పడిపోతారు."

"పడితే నేనే గద పడేది. నీకేం తక్లీఫ్?"

"నాకిది పరీక్షండీ! ప్లీజ్. తర్వాత ఆడుదురుగాని."

పెద్దావిడ డోరా మొహంలోకి చూస్తూ ఒక్క క్షణం ఆగింది, ఈ పిల్ల ఇంకేమైనా అడుగుతుందేమో అన్నట్టు.

డోరా టేపు రికార్డర్ వైపు తిరిగింది.

"మంచిది," అని ఆమె వెనక్కి నడిచింది. కర్ర చప్పుడు మూల దాకా వినిపించింది.

పాట మొదలైంది. రోసమ్మకు మడిమ ఎత్తని అడుగు ఇచ్చింది డోరా. కుట్లున్నామెకు వంగని అడుగు ఇచ్చింది. మధ్యలో ఆపి నీళ్లు తాగించింది. ఎవరూ జారలేదు. మూల వైపు మాత్రం చూడలేదు. చూసి ఉంటే, ఆ పెద్దావిడ ఒడిలో రెండు చేతులూ ఒక్క దరువూ తప్పకుండా ఆడటం కనిపించేది.

పాట ఆగింది.

"అందరూ ఆడారా?" అడిగాడు సార్.

"ఆడారు సార్."

సార్ మూల వైపు చూశాడు. తర్వాత కాగితం చూశాడు. తొమ్మిది టిక్కులు, పదో గడి ఖాళీ.

"పాసేనా సార్?" డోరా కాగితంలోకి తొంగి చూసింది.

"పాసవడానికి తొమ్మిది చాలమ్మా. పదోది పెట్టాల్సింది నేను కాదు."

రెండో మాట డోరా చెవికెక్కలేదు. సార్ పెట్టిచ్చిన సంతకం ఆరడానికి సర్టిఫికెట్‌ను ఊపుతూ, జకర్యా మొహం ఎలా మారుతుందో ఊహించుకుంటోంది.

కిటికీ దగ్గర అలికిడైంది.

పెద్దావిడ కర్ర గోడకు ఆనించి క్లిప్పులు తీస్తోంది. దండెం మీద ఆరిన బట్ట తీసుకున్నట్టు, ఎక్స్‌రేను దించి దులిపింది.

"అమ్మా, ముట్టుకోకండి!" డోరా పరుగెత్తింది. "అది ట్రైనింగ్‌ది!"

ఆమె దాన్ని పాత కవరులోకి జార్చి, కవరు సంచిలో పెట్టుకుని, కర్ర అందుకుంది.

"ట్రైనింగ్ మీది బిడ్డా," అంది. "మోకాలు నాది."